రెండు హైడ్రోజన్ల తేడా

(ఇబ్రహీంపట్నంలో జరిగిన 'సైన్సు సారు' స్మారకోపన్యాస పాఠం)

వెనక గోడవారన నిలబడిన ఇంటర్ పిల్లలూ, ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఇవ్వాళ నేను చెప్పబోయేది ముఖ్యంగా మీతోనే.

సారును మేమెప్పుడూ పేరు పెట్టి చెప్పుకోలేదు. ఇబ్రహీంపట్నంలో 'సైన్సు సారు ఇల్లు' అంటే చాలు, ఎవరైనా దారి చూపించేవాళ్ళు. ఈ ఉపన్యాసానికి కూడా ఆ పిలుపునే ఉంచినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఏ విషయం మీద మాట్లాడతారని వాళ్ళు అడిగినప్పుడు నేను ఎక్కువసేపు ఆలోచించలేదు. తొమ్మిదో తరగతిలో సారు మాకు చూపించిన ఒక గాజు గ్లాసు నాకిప్పటికీ కళ్ళ ముందే ఉంది.

ఆ రోజు ఆయన రుమాల్లో చుట్టి ఒక బూడిదరంగు రాయి తెచ్చారు. గ్లాసులో సగం దాకా నీళ్ళు పోసి, కుంకుడుకాయంత ముక్క అందులో వేశారు. నీళ్ళు పొయ్యి మీద పెట్టినట్టు బుసబుసా పొంగి తెల్లబడ్డాయి. వెల్లుల్లి దంచినట్టు ఘాటు వాసన వచ్చింది. సారు దూరంగా నిలబడి పొడుగాటి పుల్లకు నిప్పంటించి గ్లాసు మూతి దగ్గర పెట్టారు. పసుపుపచ్చటి మంట లేచింది. దాని కొసల నుంచి నల్లటి మసి పోగులు సాలెగూడు దారాల్లా గాల్లో తేలుతూ వచ్చి మా తెల్ల చొక్కాల మీద వాలాయి. "ఏమొచ్చిందిరా దీంట్లకెల్లి?" అని అడిగారు. "గ్యాసు సార్" అన్నాం అందరం. "గ్యాసంటే ఏ గ్యాసు? నీకో పేరుంది గదా, దానికి లేదా?" అన్నారు.

దాని పేరు ఎసిటిలీన్. ఇవ్వాళ నా మాటంతా దాని గురించీ, దాని తోబుట్టువు ఇథిలీన్ గురించీ.

రెండు కార్బన్లు, రెండు హైడ్రోజన్లు. ఎసిటిలీన్ అంటే అంతే, కార్బన్, హైడ్రోజన్లతో అంతకంటే చిన్న కుటుంబం ఉండదు. కానీ ఆ రెండు కార్బన్లు ఒకదాన్నొకటి మూడు బంధాలతో పట్టుకుని ఉంటాయి. చాలా పదార్థాలు తయారయ్యేటప్పుడు వేడిని బయటికి వదిలి కుదుటపడతాయి. ఇది అలా కాదు, వేడిని లోపలికి తీసుకుని పుడుతుంది. బిగించి కట్టిన విల్లు లాంటిది. దాని మంచీ చెడూ రెండూ ఆ బిగువులోనే ఉన్నాయి.

1836లో ఎడ్మండ్ డేవీ దీన్ని మొదటిసారి చూశాడు, 1860లో బెర్తెలో పేరు పెట్టాడు. అయితే అది ప్రయోగశాల దాటి బజారుకొచ్చింది 1892లో, అమెరికాలోని నార్త్ కరోలినాలో. థామస్ విల్సన్ విద్యుత్ కొలిమిలో సున్నాన్నీ బొగ్గునూ కలిపి కాల్చాడు. అతను వెతుకుతున్నది లోహం. వచ్చింది నల్లటి గట్టి ముద్ద. దాన్ని నీళ్ళలో వేస్తే గ్యాసు వచ్చింది, అంటిస్తే మసి కక్కుతూ మండింది. లోహం వచ్చి ఉంటే నీళ్ళతో కలిసి హైడ్రోజన్ రావాలి, హైడ్రోజన్ మంటకు మసి ఉండదు. అతను ఆ మసిని పట్టించుకున్నాడు. ఆ ముద్దే కాల్షియం కార్బైడ్, సారు రుమాల్లో తెచ్చిన రాయి. మా చొక్కాల మీద పడిందీ అదే మసి!

కార్బైడ్ తయారవ్వాలంటే కొలిమి రెండువేల డిగ్రీలు దాటాలి. అంత కరెంటు మింగిన రాయి కిలో తీసుకుని నీళ్ళలో వేస్తే దాదాపు మూడు వందల లీటర్ల ఎసిటిలీన్ ఇస్తుంది. కొలిమి వేడిని మూటగట్టి సంచిలో వేసుకుని ఎక్కడికైనా మోసుకుపోవచ్చన్నమాట. కరెంటు లేని చోట్ల, గని కార్మికుడి నుదుటి మీద, సైకిలు ముందు దీపం వెలిగించింది ఈ మూటే.

నేను దీన్ని దగ్గరగా చూసింది మా మేనమామ షాపులో. సాగర్ రోడ్డు మీద ఆయనకు వెల్డింగ్ షాపుండేది. నాగళ్ళు, బండి ఇరుసులు, బోరు పైపులు, తర్వాత ట్రాక్టరు ట్రాలీలు, అన్నీ అతుక్కి వచ్చేవి. ఒక మూల నీళ్ళ డ్రమ్ములాంటి జనరేటర్. పైన కార్బైడ్ వేస్తే కింద గ్యాసు పుట్టి గొట్టం గుండా టార్చిలోకి వెళ్ళేది. ఇంకో గొట్టంలో ఆక్సిజన్. మామ ముందు ఎసిటిలీన్ మర కొద్దిగా తిప్పి అంటించేవాడు. అదే మసి మంట, పొగమంట. తర్వాత ఆక్సిజన్ మెల్లగా వదులుతుంటే పసుపు రంగు తగ్గి, మంట కురచై, లోపల ఈకలాంటి తెల్లటి కొస కనపడేది. ఇంకాస్త వదిలితే ఆ ఈక కూడా కుదించుకుని, నాజిల్ మూతి దగ్గర గోరంత నీలి మొగ్గ నిలబడేది. "గిదీ నిఖార్సైన మంట" అనేవాడు. ఆ మొగ్గ కొసన మూడువేల డిగ్రీల పైమాట. ఇనుము కరగడానికి దాదాపు సగం చాలు. మామకు డిగ్రీలు తెలియవు. శబ్దం తెలుసు. మంట 'సుయ్'మంటే సరి, 'గుర్'మంటే ఆక్సిజన్ ఎక్కువైందని, అతుకు పెళుసై విరుగుతుందని చూడకుండానే చెప్పేవాడు. సాయంత్రం జనరేటర్ కడిగితే తెల్లటి బురద దిగేది. అది తడి సున్నమే. గోడలకు వెల్ల వేసుకోవడానికి చుట్టుపక్కల వాళ్ళు డబ్బాలతో పట్టుకుపోయేవాళ్ళు.

సారు మమ్మల్ని ఆ షాపుకు తీసుకొచ్చి మామ పక్కన నిలబెట్టారొకసారి. "నేను చెప్పేది పుస్తకంల ఉన్నది. ఈయన చెప్పేది పుస్తకంల లేదు. రెండూ రాసుకోన్రి" అన్నారు. మామ సిగ్గుపడిపోయాడు. ఆ రోజంతా షాపులో ఎవరి దగ్గరా టీ డబ్బులు తీసుకోలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. నగరంలో మరో షాపులో పనికి కుదిరిన మా వాడకట్టు కుర్రవాడొకడు, జనరేటర్‌లో కార్బైడ్ ఇరుక్కుంటే ఇనుప చువ్వతో పొడిచాడు. నిప్పురవ్వ లేచింది. గాలిలో ఎసిటిలీన్ రెండున్నర శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. ఎనభై శాతం దాకా ఎంతున్నా అంటుకుంటుంది. ఇంత వెడల్పాటి ప్రమాదం ఉన్న గ్యాసులు చాలా తక్కువ. వాడి ముఖం సగం కాలింది. ఇనుప చువ్వ వాడొద్దని వాడికెవరూ చెప్పలేదు. రాగి గొట్టం వాడకూడదని, వాడితే లోపల రాగి ఎసిటిలైడ్ అనే పేలుడు పొర కడుతుందని కూడా ఎవరూ చెప్పి ఉండరు. వాడు చదివింది ఏడో తరగతి. చెప్పాల్సినవాళ్ళం మనమే.

ఈ గ్యాసును మిగతావాటిలా సిలిండర్‌లో కుక్కితే ఊరుకోదు. ఒత్తిడి పెరిగితే ఆక్సిజన్ అక్కరలేకుండానే తనంతట తాను పేలుతుంది. దీనికి దారి దొరికింది అసిటోన్‌లో. ఆ ద్రవం మామూలు ఒత్తిడిలోనే తన పరిమాణానికి పాతిక రెట్ల ఎసిటిలీన్‌ను తాగేస్తుంది, ఒత్తిడి పెంచితే వందల రెట్లు. అయినా సిలిండర్‌లో ఖాళీ మిగిలితే ప్రమాదమే. స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ డాలెన్ ఆ ఖాళీని రంధ్రాల రాయిలాంటి పదార్థంతో నింపి, దాన్ని అసిటోన్‌తో తడిపాడు. ఇవ్వాళ మన షాపుల్లో కనిపించే ముదురు ఎరుపు డీఏ సిలిండర్, అంటే కరిగించిన ఎసిటిలీన్ సిలిండర్, లోపల ఉన్నది బోలు కాదు, స్పంజిలాంటి రాయి. అందుకే దాన్ని పడుకోబెట్టి వాడొద్దంటారు, గ్యాసుతో పాటు అసిటోన్ కూడా వచ్చేస్తుంది. దాని మర ఎడమవైపు తిరిగేది కూడా పొరపాటున నల్ల సిలిండర్ ఆక్సిజన్ గొట్టాన్ని దీనికి బిగించకుండా ఉండడానికే.

డాలెన్ సముద్రంలోని దీపస్తంభాలకు ఎసిటిలీన్ దీపాలు చేశాడు. పొద్దు పొడిస్తే తనంతట తానే ఆరి, పొద్దుగూకితే వెలిగే మర కనిపెట్టాడు. 1912లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అదే సంవత్సరం సిలిండర్లను పరీక్షిస్తుండగా పేలుడు జరిగి రెండు కళ్ళూ పోయాయి. బహుమతి అందుకోవడానికి ఆయన తోడబుట్టినవాడు వెళ్ళాడు. డాలెన్ మాత్రం చూపు లేకుండానే పాతికేళ్ళు, 1937లో చనిపోయేదాకా, ఆ కంపెనీని నడిపాడు. ఓడలకు దారి చూపించిన దీపం వెనక ఇలాంటి మనిషి ఉన్నాడు.

రసాయన పరిశ్రమలో దీని ప్రతాపం ఒకప్పుడు ఇంకా పెద్దది. నియోప్రీన్ రబ్బరు, పీవీసీ, మందులకూ రంగులకూ కావలసిన ఎన్నో మధ్య సరుకులు దీని నుంచే వచ్చేవి. రాజస్థాన్‌లోని కోటాలో ఇప్పటికీ కార్బైడ్ దారిలోనే పీవీసీ చేస్తున్నారు, చైనాలో అయితే పెద్ద ఎత్తున. మిగతా ప్రపంచంలో చాలా భాగం మాత్రం ఇథిలీన్ వైపు మళ్ళింది, అది చౌక కాబట్టి.

ఎసిటిలీన్‌కు ఇంకో రెండు హైడ్రోజన్లు ఇవ్వండి, అది ఇథిలీన్ అవుతుంది. మూడు బంధాలు రెండవుతాయి, బిగువు కాస్త సడలుతుంది. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా తయారయ్యే కర్బన రసాయనం ఇదే, ఏడాదికి 15 కోట్ల టన్నులకు పైమాటే. ఇబ్రహీంపట్నంలో అది ఎక్కడుందంటారా? మన మండలంలో టమాటా చేలోకి నడవండి. డ్రిప్పు పైపు ఇథిలీన్, మల్చింగ్ షీటు ఇథిలీన్, బోరు కేసింగ్ ఇథిలీన్, మందు డబ్బా ఇథిలీన్, కోసిన కాయ వేసే ప్లాస్టిక్ ట్రే ఇథిలీన్. రైతు చొక్కా పాలియెస్టర్ అయితే అందులోనూ ఒక భాగం దీని సంతతే. 1933లో ఇంగ్లండులో ఐసీఐ వాళ్ళు అధిక ఒత్తిడి ప్రయోగం చేస్తుంటే పాత్రలో మైనంలాంటి తెల్లటి పదార్థం మిగిలింది. పాలిథీన్ పుట్టుక అది.

ఈ కుటుంబంలోని వాళ్ళందరూ ఇంత మెత్తనివాళ్ళు కాదు. ఇథిలీన్‌నూ బెంజీన్‌నూ కలిపి చేసే స్టైరీన్ 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఆర్.ఆర్. వెంకటాపురం మీద ఆవిరై పడింది. పన్నెండు మంది చనిపోయారు. ఆ ఊరివాళ్ళలో ఎంతమందికి ఆ రోజుకు ముందు స్టైరీన్ అనే పేరు తెలిసి ఉంటుంది? సారు అడిగిన ప్రశ్న నాకు ఆ రోజంతా చెవుల్లో మోగింది.

ఇక మామిడిపండు దగ్గరికి వస్తాను. అందరూ ఎదురుచూస్తున్నది అదేనని నాకు తెలుసు.

ఇథిలీన్‌ను మనుషులు కొలుముల్లో చేయకముందే చెట్లు చేసుకుంటున్నాయి. ఐరోపా నగరాల్లో గ్యాసు దీపాల రోజుల్లో, గొట్టాలు కారిన చోట చెట్లు అకాలంగా ఆకు రాల్చేవి. 1901లో రష్యాలో నెల్యుబోవ్ అనే యువకుడు ఆ పని చేసేది ఇథిలీనేనని బఠాణీ మొలకల మీద చూపించాడు. 1934లో గేన్ అనే శాస్త్రవేత్త, పండే పండు స్వయంగా ఈ గ్యాసును వదులుతుందని రుజువు చేశాడు. మన ఇళ్ళల్లో ఇది రుజువులకంటే ముందే తెలుసు. సీతాఫలాలను బియ్యం డబ్బాలో దాచిన ప్రతి అమ్మకూ తెలుసు. వరిగడ్డిలో మామిడి మాగేసిన ప్రతి తాతకూ తెలుసు. గడ్డి గ్యాసును ఇవ్వదు, పండు వదిలిన గ్యాసును బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. ఒక పండు మాగితే పక్క పండుకు కబురందుతుంది. అరటిగెలలకు పొగబెట్టి మాగేసేవాళ్ళు కూడా పొగలోని ఇథిలీన్‌నే వాడారు.

ఈ కబురు అనే మాటను గుర్తుంచుకోండి. పండు కణాల్లో ఇథిలీన్‌ను అందుకునే తలుపులున్నాయి, వాటిలో రాగి పరమాణువు కూర్చుని ఉంటుంది. ఇథిలీన్ వచ్చి ఆ రాగిని తాకితే పిండి చక్కెర కావడం, పులుపు తగ్గడం, పచ్చదనం విరిగి పసుపెక్కడం మొదలవుతాయి. ఎసిటిలీన్ కూడా పోలికల వల్ల అదే తలుపు తట్టగలదు. కానీ దాని చెయ్యి బలహీనం, ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదు పోయాలి. చౌకగా, వెల్డింగ్ షాపులకు వచ్చే కార్బైడ్ రాయి అలా మామిడి గంపల్లోకి చేరింది. కాగితంలో పొట్లం కట్టి కాయల మధ్య పెడితే కాయల తేమే నీళ్ళ పని చేస్తుంది.

చెడు ఎక్కడుంది? వెల్డింగ్ కోసం చేసిన కార్బైడ్‌ను ఎవరూ తినడానికి శుద్ధి చేయరు. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలుంటాయి. నీరు తగిలితే ఎసిటిలీన్‌తో పాటు ఆర్సీన్, ఫాస్ఫీన్ అనే విష వాయువులు వస్తాయి. సారు గ్లాసులో మాకు తగిలిన వెల్లుల్లి వాసన వాటిదే. స్వచ్ఛమైన ఎసిటిలీన్‌కు అంత ఘాటుండదు. పొట్లం విప్పే హమాలీ ముందు ఆ గాలి పీలుస్తాడు. చెమట చేతికి ఆ పొడి అంటితే సున్నమై కాలుస్తుంది. పాత కొత్తపేట మార్కెట్లో ఒక హమాలీ తన వేళ్ళ సందుల్లో తెల్లగా పగిలిన చర్మం నాకు చూపించాడు. "పండ్ల పనిలో ఇట్లనే ఉంటది సార్" అన్నాడు. కార్బైడ్ గురించి మనం రాసిన వార్తలన్నీ తినేవాడి కడుపు గురించి. ఆ వేళ్ళ గురించి నేనెక్కడా చదవలేదు.

చట్టం పాతదే. కల్తీ నిరోధక నియమాల్లోని 44ఏఏ, తర్వాత 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు ఎసిటిలీన్‌తో పండ్లు మాగేయడాన్ని నిషేధించాయి. 2015లో హైదరాబాద్ హైకోర్టు పత్రికల్లో వచ్చిన వార్తలు చూసి తనంతట తానే విచారణ చేపట్టింది. 2016లో ఆహార భద్రత సంస్థ ఇథిలీన్ వాయువుకు అనుమతి ఇచ్చింది, గాలిలో పది లక్షల పాళ్ళకు వంద పాళ్ళు మించకుండా. అంటే వందో వంతు శాతం. ఇథిలీన్ అంటుకోవాలంటే 2.7 శాతం కావాలి కాబట్టి ఆ మోతాదులో నిప్పు భయం కూడా లేదు. చల్లటి గదిలో, తేమ నిలిపి, ఒక రోజు ఈ గాలి పట్టించి తలుపులు తీస్తారు. కొన్ని గదుల్లో చిన్న యంత్రం ఉంటుంది. దాంట్లో చెరకు నుంచి వచ్చే ఆల్కహాల్ పోస్తే వేడి ఉత్ప్రేరకం మీదుగా పోయి ఇథిలీన్ అవుతుంది. చెరకు రసం తిరిగి తిరిగి మామిడిని మాగేయడానికి వచ్చిందన్నమాట!

నేను ఆ హమాలీని చూసిన పండ్ల మార్కెట్ ఇప్పుడు కొత్తపేటలో లేదు. మన నియోజకవర్గంలోకే, బాటసింగారానికి వచ్చింది. కోహెడలో శాశ్వత మార్కెట్ రావలసి ఉంది. 2020 లాక్‌డౌన్‌లో మామిడిని తాత్కాలికంగా కోహెడకు మార్చినప్పుడు మే 4న గాలివానకు షెడ్లు కూలి కూలీలు గాయపడిన సంగతి ఇక్కడున్నవాళ్ళు మరిచిపోయి ఉండరు. కొల్లాపూర్, జగిత్యాల, ఖమ్మం కాయంతా ఇప్పుడు మన ముంగిట్లో దిగుతోంది. అంటే ఇది ఇక నగరం వాళ్ళ సమస్య కాదు, మనది.

నా మనసులో ఉన్నది చెబుతాను. కార్బైడ్ పోయి ఇథిలీన్ వస్తే పని అయిపోయిందని చాలామంది అనుకుంటున్నారు. నేను అనుకోవడం లేదు. ఇథిలీన్ కబురు మాత్రమే, తిండి కాదు. కాయలో పిండి లేకపోతే ఏ కబురు వచ్చినా చక్కెర కాదు. పిండిని పెట్టేది చెట్టు, ఎండ, మూడు నెలలకు పైబడిన కాలం. సీజన్ మొదట్లో ధర ఎక్కువ. తోట గుత్తకు తీసుకున్నవాడికి అప్పు మీద వడ్డీ నడుస్తుంటుంది, గాలిదుమారానికి కాయ రాలుతుందన్న భయం ఉంటుంది. పదిహేను రోజుల ముందే కోస్తాడు. అలాంటి బంగినపల్లికి ఎంత శుద్ధమైన ఇథిలీన్ పెట్టినా తోలు పసుపెక్కుతుంది, లోపల తెల్లగా, చప్పగా ఉంటుంది. మనం దాన్ని కొరికి 'కార్బైడ్ పండు' అని పారేస్తాం. నిజానికి అది పచ్చి పండు. గ్యాసును పట్టుకునే అధికారులున్నారు, లేత కాయను బండి దగ్గరే ఆపేవాళ్ళు లేరు. కొత్త మార్కెట్లో మాగేసే గదులెన్ని కడతారో అందరూ అడుగుతున్నారు. గేటు దగ్గర కాయ ముదురు చూసే బల్ల ఒకటి వేస్తారా, హమాలీకి చేతి తొడుగులు ఇస్తారా అని నేను అడుగుతున్నాను.

ముదురు చూడ్డానికి పెద్ద యంత్రం అక్కరలేదు. సారు ఇంటి వెనక ఒక పెద్దరసం చెట్టుండేది. కాయ దించిన రోజు ఆయన బాయి దగ్గర నీళ్ళ బకెట్టు పెట్టుకుని కూర్చునేవారు. ముందు తొడిమ దగ్గర భుజాలు లేచాయా లేదా అని బొటనవేలితో తడిమేవారు. తర్వాత ఒక్కొక్క కాయను నీళ్ళలో వదిలేవారు. పిండి నిండిన కాయ నీటికంటే బరువు, అడుగుకు దిగుతుంది. లేతది తేలుతుంది. తేలినవన్నీ అమ్మగారి పచ్చడి జాడీకి, మునిగినవన్నీ వరిగడ్డిలోకి. నేను పక్కన నిలబడి లెక్క రాసేవాణ్ణి. సారు ఉన్న చివరి ఏడు నలభై రెండు మునిగాయి, పదకొండు తేలాయి.